నలభై సెకన్ల నిష్క్రమణ

ముఖం నిండా సబ్బు నురగతో, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆవిడ తన మాటలు మూడోసారి అప్పజెప్పుకుంటోంది. మొదటిది, "బాబు ఇంకా రాలేదా?" రెండోది, "సరే, నేను పైకి వెళ్తున్నా." ఈ రోజుకి ఆవిడ వాటా ఇంతే. మొదటిదాన్ని ఆరాటంగా ఒకసారి, విసుగ్గా ఒకసారి, నోరు బాబు గురించి అడుగుతుంటే మనసు ఇంకెక్కడో ఉన్నట్టు ఒకసారి అని చూసుకుంది. ఆ మూడోది నచ్చింది. అప్పుడు కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది.

బయటనుంచి కూతురు తలుపు బాదింది. "అమ్మా, ఉన్నవి రెండు ముక్కలు. వాటికోసం అరగంటనుంచి లోపల కూర్చున్నావు. అవతల నాకు టైమవుతోంది."

"రెండు ముక్కలు కాబట్టే టైం పడుతుందే. రెండు పేజీలిస్తే ఎవరైనా చెప్తారు."

"గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గుర్తుందా?"

"షూటింగ్ లేకపోతే వెళ్దాం."

"ఉంటే?"

"ఉంటే డాక్టరుగారు అదృష్టవంతుడు," అంటూ ఆవిడ తువ్వాలు తలకి చుట్టుకుని బయటికి వచ్చింది.

కూతురికి నలభై దగ్గర పడుతున్నాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు కొలిచే పని. వచ్చినవాళ్ళందరికీ చూపు సరిచేసి పంపే ఈ మనిషి, తల్లి నటించే సీరియల్ మాత్రం ఆరేళ్ళలో ఒక్కరోజూ చూడలేదు. ఆ వేళకి దుకాణంలో ఉంటానని పైకి చెబుతుంది. అసలు సంగతి వేరు. ఇంట్లో తన మాటే చెల్లాలని హడావుడి చేసే తల్లి, తెరమీద ఎవరి వెనకో ట్రే పట్టుకుని నిలబడి ఉంటే చూసి తట్టుకోలేదు. తల్లికి ఆ సంగతి తెలుసు. తెలిసి, ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు.

ఆవిడకి అరవై ఏడు. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, లావాటి మణికట్లు. ఎడమ కనుబొమ్మ కుడిదానికన్నా పిసరంత పైకి ఉంటుంది. దానివల్ల ఊరికే కూర్చున్నా ఎదుటివాళ్ళు చెప్పేది నమ్మనట్టు కనిపిస్తుంది. నలభై ఎనిమిదేళ్ళుగా ఆ కనుబొమ్మే ఆవిడకి అన్నం పెడుతోంది. పాతికేళ్ళు నాటకాలు, మిగతాది టీవీ. ఒకరికి తల్లి, ఒకరికి అత్త, ఇంకొకరికి పక్కింటావిడ. ఆసుపత్రిలో నర్సు, కోర్టులో సాక్షి, రైల్లో ఎదుటి సీటు. కథ ఎప్పుడూ ఆవిడ పక్కనుంచే పోయింది. దానికి ఆవిడకి చింత లేదు. కథానాయిక ఏడుస్తుంటే మంచినీళ్ళ గ్లాసు అందించే మనిషి ఒకరు ఉండాలనీ, ఆ గ్లాసు సరిగ్గా అందకపోతే ఏడుపే పండదనీ ఆవిడ గట్టి నమ్మకం.

బస్సులో పక్కన కూర్చున్న యువతి ఆవిడ వంక నాలుగుసార్లు చూసి, చివరికి ఆగలేక అడిగేసింది. "మీరు మా స్కూల్లో లెక్కలు చెప్పేవారు కదండీ?"

"అవునమ్మా. ఇప్పటికీ భాగహారాలు తప్పులు చేస్తున్నావా?"

యువతి నోరు వెళ్ళబెట్టింది. తర్వాత నవ్వేసి, ఇప్పుడు బానే వస్తున్నాయండీ అంటూ, దిగే చోటు వచ్చేదాకా తన సంసారం సంగతులన్నీ చెప్పుకొచ్చింది. ఆవిడ శ్రద్ధగా విని, మధ్యలో రెండు సలహాలు కూడా ఇచ్చింది. పేరు తెలిసినవాళ్ళకి సన్మానాలు జరుగుతాయి. తనని మాత్రం జనం ఎక్కడో బాగా ఎరిగినదానిలా పలకరిస్తారు. ఇంతకంటే ఏం కావాలి?

షూటింగ్ జరిగేది ఊరి చివర పాత గిడ్డంగిలో. ముందు పన్నెండు మెట్లు. ఆరో మెట్టు దగ్గర ఆవిడ ఆగి, సంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. ఊపిరి సర్దుకున్నాక మిగతా ఆరూ ఎక్కింది. లోపల గోడకి ఆ రోజు తియ్యబోయే సీన్ల కాగితం అంటించి ఉంది. అలవాటుగా కళ్ళజోడు పెట్టుకుని చదివింది. పదకొండో సీనులో తన రెండు మాటలూ ఉన్నాయి. పద్నాలుగో సీను: "హాలు. ఫోను మోగును. మేనత్త మరణవార్త. కోడలు కుప్పకూలును." అందులో నటించేవాళ్ళు కోడలు, కొడుకు, అంతే.

ఆ మేనత్త తనే. ఆరేళ్ళుగా ఆ సీరియల్ ఇంట్లో మేడమీద గదిలో ఉంటూ, మెట్లు దిగి వచ్చి, అందరి గొడవల్లోనూ ఒక మాట వేసి, మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయే మనిషి. ఆవిడ కాగితాన్ని రెండోసారి చదివింది. తన చావులో తనకే వేషం లేదు.

మేకప్ గదిలో కుర్చీలో కూర్చోగానే మేకప్ చేసే అమ్మాయి ముఖం చాటేసింది. ఆ అమ్మాయికి ఏడుపు ముందూ మాట తర్వాతా.

"నాకు నిన్న సాయంత్రమే తెలిసిందండీ పిన్నిగారూ. మేడమీది గది ఖాళీ కావాలట. కొత్తగా ఇంకో కోడలు వస్తుందట. మీరు ఊరెళ్ళినట్టు, అక్కడే పోయినట్టు ఫోన్లో చెప్పిస్తారట. మీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"నన్ను చంపింది నువ్వా ఏమిటి? ఏడవకు. పౌడరు తడుస్తుంది."

వేషం పోవడం కొత్త కాదు. ఎన్ని పోలేదు? వచ్చే నెల ఇంకెవరికో అత్త కావచ్చు. కాని ఫోన్లో పోవడం ఏమిటి? వెళ్ళడం తెలిసిన మనిషిని నేను, నన్ను వెళ్ళనివ్వకుండా పంపిస్తారా అని ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది.

ఆ కోపానికి ఒక చరిత్ర ఉంది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆవిడ ఒక నాటక సమాజంలో చేరింది, వేషాలకి కాదు, తెర చాటున నిలబడి మాటలు అందించడానికి. ఒకరోజు పిన్ని వేషం వేసే ఆవిడ కాలు మెలికపడింది. ఆ మాటలు పూర్తిగా వచ్చినవాళ్ళు ఇద్దరే, ఒకరు కాలు మెలికపడ్డావిడ, రెండో మనిషి ఈవిడ. అలా రంగం మీదికి నెట్టారు. ఆట అయ్యాక నాటకం మాస్టారు దగ్గరికి పిలిచి చెప్పాడు. "మాటలు బానే చెప్పావు. వెళ్ళేటప్పుడు మాత్రం పారిపోయావు. చూడమ్మా, రావడం కథానాయికల పని. వాళ్ళు వస్తే చప్పట్లు పడతాయి. నువ్వు వచ్చేది ఎవడూ చూడడు. కాబట్టి వెళ్ళడం నేర్చుకో. నువ్వు వెళ్ళాకే నువ్వు ఉన్నావని జనానికి తెలియాలి. ఇంకోటి, వెళ్ళినదానివి వెళ్ళినట్టే ఉండాలి. పిలిచేదాకా పక్క తెర చాటునుంచి కొంగు కూడా కనపడకూడదు."

అప్పటినుంచీ ఆవిడ వెళ్ళడం నేర్చుకుంది. కప్పు చేతిలో పెట్టుకుని వెళ్ళడం, చెప్పాల్సిన మాట చెప్పకుండా వెళ్ళడం, వెళ్తూ వెళ్తూ కుర్చీ సరిగ్గా జరిపి వెళ్ళడం. చేతికి ఎప్పుడూ ఏదో ఒక చిన్న పని. ఆ పనులన్నీ దొంగసొత్తు. సాక్షి వేషానికి ముక్కు చీదే తీరు ఇంటి యజమానిది. నర్సు వేషంలో చేతులు తుడుచుకునే తీరు రొట్టెల దుకాణం ఆవిడది. ఎవరిదగ్గర ఎత్తుకొచ్చిందో చచ్చినా చెప్పేది కాదు.

ఆ నాటక సమాజంలోనే దీపాలు చూసే మనిషి ఒకతను ఉండేవాడు. ఆవిడ రంగం దాటి వెళ్ళాక కూడా ఖాళీ గుమ్మం మీద వెలుతురుని ఒక ఊపిరి తీసేంతసేపు ఉంచేవాడు. మాస్టారు తిట్టినా మానలేదు. ఒకరోజు ఆవిడే నిలదీసింది, ఎందుకలా చేస్తావని. మళ్ళీ వస్తావేమోనని అన్నాడు. ఆ ఒక్క మాటకి పెళ్ళి చేసుకుంది. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఎన్నిసార్లు పోట్లాడుకున్నా, ఆయన ముందు గది దాటి వెళ్ళాలంటే ఆవిడకి గర్వంగా ఉండేది.

పదకొండో సీను పది గంటలకి తీశారు. సీరియల్ ఇల్లంటే ఒక హాలు, దానికి మూడు గోడలు. మెట్లు తొమ్మిది ఎక్కితే ఒక చెక్కపలక, అక్కడితో మేడ అయిపోతుంది. వీధి తలుపు తీసుకుని వెళ్తే రెండడుగుల సందు, ఎదురుగా గిడ్డంగి గోడ. ఆ సందులో ఒక స్టూలు ఉంటుంది. అది ఆవిడకోసమే వేసింది. మిగతా నటులు డైరెక్టరు కట్ అనగానే ఆ తలుపులోంచే తిరిగి వచ్చేస్తారు. ఆవిడ రాదు. పిలిచేదాకా అక్కడే ఉంటుంది. మొదటి ఏడాది ఒకసారి పిలవడం మరిచిపోయి అందరూ భోజనాలకి వెళ్ళిపోయారు. ముప్పావుగంట తర్వాత తిరిగొచ్చి తలుపు తీస్తే ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "నేను వెళ్ళిపోయాను కదయ్యా, మళ్ళీ ఎలా వస్తాను?" అంది. మర్నాడే డైరెక్టరు స్టూలు వేయించాడు. ఈ కథ కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే చెబుతారు.

"బాబు ఇంకా రాలేదా?" అని ఆవిడ అంది, నోరు బాబు గురించీ మనసు ఇంకెక్కడో. "సరే, నేను పైకి వెళ్తున్నా." తొమ్మిది మెట్లూ ఎక్కి చెక్కపలక మీద కూర్చుంది. కట్ అన్నాడు డైరెక్టరు. ఒక టేకుతో అయిపోయింది. "పిన్నిగారూ, రండి," అని పిలిచాడు.

ఆవిడ దిగి, నేరుగా అతని ముందుకి వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళవాడు, మంచివాడే. ఆవిడ రావడం చూసి కాగితాల్లో తల దూర్చాడు.

"కాగితం చదివాను," అందావిడ.

డైరెక్టరు నీళ్ళు నమిలాడు. "చెబుదామనే అనుకున్నానండీ... పైనుంచి ఒత్తిడి. గది కావాలన్నారు. అందులో మీ తప్పేం లేదు."

"చావడానికి నాకేం అభ్యంతరం లేదు బాబూ. ఫోన్లో చావడానికే. ఆరేళ్ళు నీ మెట్లెక్కి దిగాను. రేపు నేను పోయానని ఎవరో ఫోన్లో చెప్తే ఎవరు నమ్ముతారు? చూసేవాళ్ళకి నేనింకా పైనే ఉన్నట్టుంటుంది. నీ కొత్త కోడలు ఆ గదిలో పడుకుంటే నా మంచం మీద పడుకున్నట్టుంటుంది. మీకు గది ఖాళీ కావాలి, అంతేగా? నన్నే ఖాళీ చెయ్యనివ్వు."

పక్కనే ఉన్న రచయిత, గడ్డం ఇంకా సరిగ్గా రానివాడు, కంగారుపడ్డాడు. "అంటే మీకో సీను రాయాలాండీ? డైలాగులు..."

"ఒక్క ముక్క వద్దు. మాటలన్నీ నీ కోడలికే ఉంచుకో. సంచి పట్టుకుని మెట్లు దిగుతా, హాలు దాటుతా, తలుపు తీసుకుని వెళ్తా. నలభై సెకన్లు."

"హీరోయిన్‌గారు ఒంటిగంటకి వెళ్ళిపోవాలి పిన్నిగారూ," అన్నాడు డైరెక్టరు.

"వెళ్ళనీ. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి ఫోన్లో మాట్లాడుకుంటూ ఉంటే చాలు. నేను వెళ్ళడం ఎవరూ చూడకపోతేనే బాగుంటుంది."

డైరెక్టరు ఆవిడ ఎడమ కనుబొమ్మ వంక చూశాడు. దానితో వాదించి గెలిచినవాళ్ళు ఆ గిడ్డంగిలో లేరు. గడియారం చూసుకుని, "ఒక్కటే టేకు. సరేనా?" అన్నాడు.

"రెండోది నీకెందుకు?" అందావిడ.

పన్నెండున్నరకి దీపాలు సర్దారు. మేకప్ అమ్మాయి ఆవిడ భుజాలమీద బూడిదరంగు శాలువా కప్పింది. ఆవిడ నుదురు తడిగా ఉంటే రెండుసార్లు అద్దింది. "వేడిగా ఉందాండీ?" అని అడిగితే, "లోపల ఇంజను నడుస్తోంది," అని నవ్వింది. ఎడమచేతిలో ఉన్న సంచి కుడిచేతిలోకి మార్చుకుంది. తొమ్మిది మెట్లు ఎక్కి చెక్కపలక మీద నిలబడి, కళ్ళు మూసుకుంది. ఆ నిమిషం ఆవిడకి భయం లేదు, దిగులు లేదు. చెయ్యబోయే పని బాగా తెలిసిన మనిషికి ఉండే నిబ్బరం ఉంది. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్ళయిందో అనుకుంది.

కెమెరా నడిచింది. ఆవిడ మెట్లు దిగింది, ఎక్కడా ఆగకుండా, అలవాటైన ఇంట్లో దిగినట్టు. కోడలు అటు తిరిగి ఫోన్లో నవ్వుతోంది. ఆవిడ కోడలి వీపు వంక చూసి, పిలవబోయి, మానుకుంది. హాలు దాటి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. అప్పుడు ఆగింది. బల్ల మీద, పొద్దున టీ సీను కోసం పెట్టిన పంచదార సీసాకి మూత లేదు. మూత పక్కన బోర్లా పడి ఉంది. ఆవిడ వెనక్కి వచ్చింది. సంచి కింద పెట్టింది. మూత తీసి సీసాకి పెట్టి తిప్పింది. తిప్పి, మళ్ళీ బిగించి, అరచేత్తో పైన రెండు దెబ్బలు వేసింది. బల్ల మీద చిందిన పలుకుల్ని చేత్తో దగ్గరికి ఊడ్చి ఇంకో అరచేతిలోకి ఎత్తింది. వాటినెక్కడ పారెయ్యాలా అని చుట్టూ చూసి, గబుక్కున నోట్లో వేసుకుంది. సంచి తీసుకుని, తలుపు తెరిచి, వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

ఎవరూ చెప్పకుండానే కోడలు ఫోను దించి వెనక్కి తిరిగింది. మూసి ఉన్న తలుపు వంక చూస్తూ ఉండిపోయింది. కెమెరా అలాగే నడుస్తోంది. చాలాసేపటికి డైరెక్టరు "కట్" అన్నాడు, మెల్లిగా. మేకప్ అమ్మాయి సరేసరి, ఏడుపు ఎప్పుడో మొదలుపెట్టింది.

రచయిత తలుపు వైపు నడవబోతే డైరెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "పిలవద్దు. ఆరేళ్ళనుంచి నేను పిలిస్తేనే వస్తోంది. ఇవాళ నేను పిలవను. ఆవిడ వెళ్ళింది. ఎంతసేపు కావాలంటే అంతసేపు వెళ్ళనివ్వండి. ఆవిడకి రావాలనిపించినప్పుడు వస్తుంది." అందరికీ అది న్యాయమే అనిపించింది. అడుగుల చప్పుడు కాకుండా ఒక్కొక్కరే భోజనాలకి వెళ్ళారు. పెద్దావిడకి ఇంతకంటే మర్యాద ఇంకేం చెయ్యగలం అనుకున్నారు.

ఇరవై నిమిషాల తర్వాత మేకప్ అమ్మాయి కంచంలో అన్నం పెట్టుకుని వెనకవైపు సందులోకి వెళ్ళింది. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది, వీపు చెక్కకి ఆనించి, సంచి ఒళ్ళో పెట్టుకుని, దానిమీద చేతులు వేసుకుని. గడ్డం కొంచెం కిందికి వాలింది. "పిన్నిగారూ, రండి," అంది అమ్మాయి. ఇంకోసారి పిలిచింది. మూడోసారి పిలవలేదు.

వచ్చిన డాక్టరు, గుండె ఒక్క క్షణంలో ఆగిపోయిందనీ, పిలిచినా ఉపయోగం ఉండేది కాదనీ చెప్పాడు. డైరెక్టరుకి ఆ మాట నమ్మాలని ఉంది. నమ్మడానికి చాలాకాలం పట్టింది.

నాలుగోరోజు పొద్దున కూతురు గిడ్డంగికి వచ్చింది. మేకప్ గదిలో తల్లి దువ్వెన, చెప్పులజత, సగం వాడిన మాత్రల అట్ట, అద్దానికి ఆనించి పెట్టుకున్న తండ్రి ఫొటో, అన్నీ ఒక సంచిలో సర్దుకుంది. వెళ్ళబోతుంటే డైరెక్టరు ఎదురుపడ్డాడు. "ఆ రోజు తీసింది చూస్తారా?" అన్నాడు. వద్దనబోయింది. తర్వాత తలూపింది.

చిన్న మానిటర్ ముందు కుర్చీ వేశారు. తల్లి మెట్లు దిగింది. కూతురు ఒడిలో సంచి గట్టిగా పట్టుకుంది. తల్లి తలుపు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి, మూత బిగించి, రెండు దెబ్బలు వేసింది.

"ఇంకోసారి వెయ్యండి," అంది కూతురు.

వేశారు. మూడోసారి కూడా అడిగింది. ఆ మూడోసారికి ఉన్నట్టుండి పకపకా నవ్వింది. మేకప్ అమ్మాయి బెదిరిపోయి దగ్గరికి వచ్చింది.

"అది నేను," అంది కూతురు, తెరమీద చేతిని వేలుపెట్టి చూపిస్తూ. "మా అమ్మ జన్మలో ఏ సీసాకీ మూత పెట్టి ఎరగదండీ. పచ్చడికీ పెట్టదు, నూనెకీ పెట్టదు. వెనకాలే తిరుగుతూ, తిట్టుకుంటూ పెట్టేది నేను. ఆ రెండు దెబ్బలూ నావే. ఎప్పుడు చూసిందో! ఇటు తిరిగి కూడా చూసేది కాదే, మహాతల్లి!" నవ్వు అలాగే ఏడుపులోకి జారింది. "పలుకులు నోట్లో వేసుకోవడం మాత్రం ఆవిడదే. దానికీ నేను తిట్టేదాన్ని."

కూతురు ముఖం తుడుచుకుంది. ఇది టీవీలో ఎప్పుడు వస్తుందని అడిగింది. శుక్రవారం సాయంత్రం ఏడున్నరకని చెప్పారు. దుకాణంలో అడిగి ఆ రోజు తొందరగా వచ్చేస్తానంది, తనకి తానే చెప్పుకుంటున్నట్టు.

కూతురు వెళ్ళాక పద్నాలుగో సీనుకి దీపాలు వేశారు. ఫోను మోగాలి, కోడలు టీ కలుపుతూ ఫోను తియ్యాలి. సామాను చూసే అతను సీసా మూత తియ్యబోయి, ఒకసారి తిప్పి చూసి, రాకపోతే గుడ్డ పట్టుకుని మళ్ళీ తిప్పబోయాడు. కోడలు వేషం వేసే అమ్మాయి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "నేను పంచదార లేకుండా తాగుతాలెండి," అంది.

బల్ల మీద సీసా అలాగే ఉంది, పంచదార సగానికి పైనే, మూత ఎక్కడా వంకర లేకుండా బిగిసి.